డై పడనివాళ్లు ఏది ఎంచుకోవాలి: సాచెట్ నుంచి నీలాకు దాకా

మా ఆడపడుచు కూతురి పెళ్లి గుంటూరులో. ముహూర్తం శుక్రవారం తెల్లవారుజామున. బుధవారం సాయంత్రం తలకి రంగు వేసుకున్నాను. కొత్తదేమీ కాదు, పదిహేనేళ్లుగా వాడుతున్నదే. గురువారం మధ్యాహ్నం చెవుల వెనక దురద మొదలైంది. పెళ్లికని కొన్న గిల్టు జుంకాల పని అనుకుని వాటిని తీసి డబ్బాలో పెట్టేశాను. శుక్రవారం రెండున్నరకి లేచి మొహం కడుక్కుంటే కళ్లు పూర్తిగా తెరుచుకోవడం లేదు. రెప్పలు వాచిపోయాయి, మెడ చుట్టూ ఎర్రటి పొక్కులు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట సన్నగా నీరు కారుతోంది. "పిల్లని పంపించేది మేమైతే నువ్వేడ్చావేంటి వదినా" అని మా ఆడపడుచు నవ్వింది. పెళ్లి ఆల్బంలో నేనున్న ఫొటో ఒక్కటే. అందులోనూ చీకటితో నల్లకళ్లద్దాలు.

తర్వాత లెక్క చూసుకుంటే అది మూడోసారి. మొదటిసారి కొత్త షాంపూని తిట్టుకున్నాను. రెండోసారి కొబ్బరినూనెలో కల్తీ అన్నాను. చివరికి విజయవాడ సూర్యారావుపేటలో చర్మం డాక్టరు గారు వీపు మీద పట్టీలు వేసి పరీక్ష చేసి, డైలోని ఒక మందే నాకు పడటం లేదని తేల్చారు. ఆ తర్వాత ఏం వేసుకోవాలన్న వెతుకులాట రెండేళ్లు నడిచింది. ఇప్పుడు మా వీధిలో ఎవరికి డై పడకపోయినా నా దగ్గరికే వస్తున్నారు కాబట్టి తెలిసింది రాసి పెడుతున్నాను.

నేను అందరికీ చెప్పే మాట ఒకటే. కెమికలా, ఆయుర్వేదమా అని చూడకండి. అరగంటలో నల్లబడి, తలంటుకున్నా పోదంటున్నారా? అది చూడండి. తెల్ల వెంట్రుకని అరగంటలో కారునలుపు చేసి, నెల దాకా నిలబడేది ఏదైనా సరే, పెట్టె మీద ఉసిరికాయ బొమ్మ ఉన్నా, కలబంద బొమ్మ ఉన్నా, లోపల ఉండేది దాదాపు ఎప్పుడూ ఆ ఒక్క మందో దాని చుట్టమో.

ఆ మందు ఏమిటి

పారా ఫినైలీన్ డయమీన్. నోరు తిరగదు కాబట్టి పీపీడీ అందాం. 19వ శతాబ్దం చివరి నుంచి తలరంగుల్లో ఉంది. ఇంత చవగ్గా, ఇంత గట్టిగా నలుపు ఇచ్చేది మరొకటి దొరక్క కంపెనీలు దాన్ని వదలడం లేదు. తమాషా ఏమిటంటే దానికి సొంతంగా నలుపు లేదు. అది చాలా చిన్న అణువు. అమోనియా వెంట్రుక పై పొలుసుల్ని విప్పితే లోపలికి దూరుతుంది. రెండో ప్యాకెట్లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే ఆ చిన్న అణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెద్ద రంగు అణువులవుతాయి. పెద్దవయ్యాక బయటికి రాలేవు. రంగు నిలబడటం అంటే అదే. ఈలోపు ఇంకా అతుక్కోని చిన్నవి తల చర్మంలోకి, చెవుల వెనక్కి, కడిగేటప్పుడు రెప్పల మీదికి వెళ్తాయి. గొడవ అక్కడ.

అందుకే పూర్తిగా రంగు పట్టి, శుభ్రంగా కడిగేసిన జుట్టుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. నాకు పడదని మా ఆయన కూడా డై మానేయాలేమో అని చాలా త్యాగబుద్ధితో అడిగారు. అక్కర్లేదండీ అన్నాను.

"ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నా, నాకేం అలర్జీ?" అని అందరూ అంటారు. నేనూ అన్నాను. ఒళ్లు ఒక వస్తువుని శత్రువుగా గుర్తుపట్టడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఒకసారి గుర్తుపట్టాక మాత్రం ఇక మరవదు. పైగా ప్రతిసారీ ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా తిరగబడుతుంది. వేసుకున్న వెంటనే ఏమీ కనపడదు, ఒకటి రెండు రోజులకి, కొందరికి మూడోనాటికి బయటపడుతుంది. ఈ ఆలస్యం వల్లే నిన్నటి డైని వదిలేసి ఇవాళ్టి నూనెని తిడతాం. అమెరికాలో ఇలాంటి చర్మవ్యాధులు చూసే డాక్టర్ల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటిస్తుంది. 2006లో పీపీడీనే ఎంచుకున్నారు. యూరప్‌లో, కలిపాక తలకి పెట్టే ముద్దలో ఇది 2 శాతం దాటకూడదని నియమం.

పెట్టె వెనక ఇది రకరకాల పేర్లతో ఉంటుంది. పి-ఫినైలీన్‌డయమీన్, 1,4-డయమైనోబెంజీన్, 1,4-బెంజీన్‌డయమీన్, సీఐ 76060, ఇవన్నీ ఒకటే. టోల్యూయీన్-2,5-డయమీన్ అని కనిపిస్తే అది పినతల్లి కూతురు. పారా అమైనోఫినాల్ ఇంకాస్త దూరపు చుట్టం. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి, నేను కొట్టు ముందు నిలబడి చేసేది అదే. అసలు వివరాలే లేని పొట్లం అయితే అక్కడే పెట్టేయండి.

మీది అలర్జీయేనా

రంగు రాసుకుంటున్నప్పుడే చురుక్కుమని మండి, కడిగాక రెండు మూడు గంటల్లో తగ్గిపోతే అది చాలావరకు అమోనియా, పెరాక్సైడ్ పెట్టే మంట. తలలో గోటి గాట్లున్నా, ముందు రోజే గట్టిగా తలంటుకున్నా అలా మండుతుంది. మర్నాడో ఆ మర్నాడో దురదతో మొదలై, రెప్పలు, చెవులు, మెడ, నుదురు వాస్తే అది వేరే కథ. విచిత్రంగా తల మీద తక్కువే కనిపిస్తుంది. మందంగా ఉండే మాడు చర్మం ఓర్చుకుంటుంది, పల్చటి కనురెప్ప ఓర్చుకోదు.

పెళ్లిళ్లప్పుడు అనుమానితులు ఎక్కువ. గిల్టు నగల్లో నికెల్ ఉంటుంది, దాని దద్దు నగ తగిలిన చోటే గీత గీసినట్టు, చెవితమ్మె మీద, గొలుసు కింద వస్తుంది. స్టిక్కర్ బొట్టు వెనక జిగురుతో వచ్చేది బొట్టంత గుండ్రంగానే వస్తుంది, కొందరికి ఆ చోట చర్మం తెల్లబడుతుంది కూడా. అలా తెల్లబడటం మొదలైతే ఆ బొట్టు ఆ రోజే ఆపి డాక్టరుకి చూపించాలి. సెంటు కొట్టుకునే చోట వస్తే అది ఇంకో దారి. డై మాత్రం జుట్టు అంచుల వెంబడి, నీళ్లు జారిన దారిలో కనిపిస్తుంది. నా మెడ మీద పొక్కులు జుంకాలకి అందనంత కిందికి వచ్చాయి. ఆ రోజు ఆ సంగతి ఆలోచించే స్థితిలో నేను లేను.

ఇంకో మాట. వాపు కనపడగానే మెడికల్ షాపుకెళ్లి "తామరకి ఏదైనా ఇవ్వండి" అని అడగొద్దు. అక్కడ చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్, దానితోపాటు ఇంకో రెండు మందులు కలిసి ఉంటాయి. వాటిలో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే అదే కొందరికి మళ్లీ అలర్జీ. పసుపు, నిమ్మరసం, వేపాకు ముద్ద కూడా పచ్చిపుండు మీద వద్దు. తలని బోలెడన్ని నీళ్లతో, మామూలు షాంపూతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, నాలుకో పెదవులో వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచి కళ్లు తిరిగినా డాక్టరు అపాయింట్‌మెంటు అంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అది అరుదు, అయినా ఉంది.

బజార్లో ఉన్నవి, నా లెక్కలో వాటి స్థానం

బీసెంట్ రోడ్డులో ఏ ఫ్యాన్సీ కొట్టులో అడిగినా ముందు అమోనియా లేనిది చూపిస్తారు. "ఇది మైల్డ్ అమ్మా, మీలాంటివాళ్లకే" అంటారు. అమోనియా లేకపోతే వాసన ఉండదు, మంట తగ్గుతుంది. దాని బదులు పొలుసులు విప్పడానికి ఇథనాలమీన్ లాంటిది వేస్తారు. పీపీడీ ఎక్కడికీ పోదు. మంట మాత్రమే ఉన్నవాళ్లకి ఇది మేలే, ఒప్పుకుంటాను. అలర్జీ ఉన్నవాళ్లకి మాత్రం తేడా సున్నా.

షాంపూలా నురగ వచ్చే సాచెట్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. చిల్లర డబ్బుకి వస్తాయి, పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. వీటిలోనూ ఎక్కువ భాగం అదే మందు. పైగా బ్రష్షుతో వెంట్రుక మీద జాగ్రత్తగా రాసేది కాస్తా తలంతా రుద్దే పద్ధతి అయింది, నురగ మొహం మీదికి జారుతుంది, చేతులకి తొడుగులు చాలామంది వేసుకోరు. అలర్జీ లేనివాళ్లు కూడా ఇంకోటి చూసుకుంటే మంచిదని నా ఉద్దేశం.

నల్ల హెన్నా అన్నింటికంటే ప్రమాదం. నిజానికి నల్ల గోరింటాకు చెట్టు లోకంలో లేదు. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం ఇచ్చేది నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా, అంతే. పొడి కలిపి పెట్టిన అరగంటకి నల్లబడిందంటే అందులో నీలాకైనా (ఇండిగో పొడి) ఉండాలి, పీపీడీ అయినా ఉండాలి. నీలాకు ఒక్కరోజులో ఆ నలుపు చూపించదు. "హెర్బల్ కదా" అని నిశ్చింతగా గంటల తరబడి తలమీద ఉంచుకుంటారు, అందుకే డబ్బా డై కంటే దీనితోనే దెబ్బ పెద్దగా తగలవచ్చు.

చేతికి పెట్టే నల్ల మెహందీ కోన్లూ, ఎగ్జిబిషన్లలో పిల్లల చేతుల మీద వేసే నల్ల టాటూలూ ఇదే బాపతు. చర్మం మీద నేరుగా పీపీడీ రాయడం యూరప్‌లోనూ అమెరికాలోనూ కుదరదు. మన దగ్గర పదేళ్ల పిల్ల చేతి మీద నెమలి బొమ్మ వేస్తారు. ఆ నెమలి ఆకారంలోనే పొక్కులు లేస్తాయి, తగ్గిపోతాయి, అందరూ మరిచిపోతారు. ఆ పిల్లకి ముప్పై అయిదేళ్లొచ్చి మొదటిసారి డై వేసుకున్నప్పుడు ఒంటికి అదంతా గుర్తుకొస్తుంది. ఆషాఢంలో రుబ్బిన గోరింటాకు పెట్టుకున్నంతకాలం మా తరానికి ఈ బాధ లేదు.

పీపీడీ లేదని పెట్టె మీద రాసున్న డైలు ఇప్పుడు కొన్ని దొరుకుతున్నాయి. ఎక్కువగా టోల్యూయీన్ డయమీన్ వాడతారు. పీపీడీ పడనివాళ్లలో కొందరికి ఇది పడుతుంది, చాలామందికి పడదు. మీరు ఏ గుంపులో ఉన్నారో పట్టీ పరీక్షలోనే తెలియాలి. నాకు రెండూ ఎర్రబడ్డాయి. ఒకవేళ పరీక్షలో బాగానే వస్తే, నలుపు నిలవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకి ఇదొక దారి. ఇంట్లో ఊరికే ప్రయోగం చేయడానికి మాత్రం కాదు.

నాలుగైదు తలంట్లకి పోయే తాత్కాలిక రంగుల్లో పెరాక్సైడ్ ఉండదు, అవి వెంట్రుక పైనే పూత పడతాయి. రిస్కు తక్కువ, లేకుండా పోదు. పేరు తాత్కాలికమే అయినా వెనక జాబితాలో పీపీడీ దూర్చినవి చూశాను.

ఇక పాపిట స్టిక్కులు, జుట్టుకి రాసే మస్కారాలు. ఇవి నిజంగా రంగు వేయవు, కాటుక దిద్దినట్టు దిద్దుతాయి. ఐరన్ ఆక్సైడ్, మసి లాంటి పొడులు మైనంలో కలిపి చేస్తారు. లోపలికి దూరేది ఏమీ లేదు కాబట్టి అలర్జీ చాలా అరుదు. సెంటు కలిపినవి వదిలేసి సెంటు లేనిది చూసుకోండి. పాపిట, కణతలు, నుదుటి అంచు దిద్దుకుంటే నలుగురిలో కూర్చున్నప్పుడు కనిపించేది అదే కదా. బాధల్లా మన ఊరి వాతావరణంతోనే. మే నెలలో కల్యాణమండపంలో ఏసీ ఆగిందంటే కణత మీంచి నల్లటి చెమట చుక్క చెంప మీదికి దిగుతుంది. దిండు గలేబులు, తెల్ల కాలర్లు పాడవుతాయి. చలికాలంలో మాత్రం నాకు ఇవే ఆసరా.

గోరింటాకు, నీలాకు: ఓపిక ఉన్నవాళ్లకి

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దొదిన ఈ పద్ధతిలో పన్నెండేళ్లుగా ఉంది. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. రెండు రోజుల వ్యవహారం అని ముందే చెప్తున్నాను.

మొదటి రోజు గోరింటాకు. పొడి రాజస్థాన్ సోజత్ నుంచి వచ్చేది మంచిదంటారు, పెరట్లో చెట్టు ఉంటే ఆకు నీడన ఎండబెట్టి పట్టించుకున్నా ఒకటే. మంచి పొడి లేత పచ్చగా, ఎండుగడ్డి వాసనతో ఉంటుంది. రాత్రే గోరువెచ్చటి నీళ్లతో కలిపి ఉంచి, పొద్దున్న తలకి పెట్టి రెండు మూడు గంటలు ఉంచాలి. షాంపూ లేకుండా వట్టి నీళ్లతో కడగాలి. అద్దంలో చూసుకుంటే తెల్ల వెంట్రుకలన్నీ రాగితీగల్లా మెరుస్తాయి. ఆ రోజు మా ఇంటికి ఎవరూ రాకూడదని కోరుకుంటాను.

మర్నాడు నీలాకు. కొట్లో ఇండిగో పొడి అని అడిగితేనే తెలుస్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నంబజారులో మూలికలు అమ్మే కొట్లలో అడిగి చూడండి, దొరకకపోతే ఆన్‌లైన్‌లో వస్తుంది. దీన్ని రాత్రి కలిపి పెట్టకూడదు. గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కలిపి, పది పదిహేను నిమిషాలకి పైన నీలిరంగు తేలగానే తలకి పెట్టేయాలి. ఆలస్యమైతే రంగు చచ్చిపోతుంది. గంట నుంచి రెండు గంటలు. కడిగిన వెంటనే జుట్టు ఆకుపచ్చగా కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. గాలి తగిలే కొద్దీ ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అందుకే పెళ్లి శుక్రవారమైతే సోమవారం గోరింటాకు, మంగళవారం నీలాకు. రెండూ ఒకేసారి కలిపి పెడితే నలుపు రాదు, ముదురు గోధుమరంగు వస్తుంది. రెండు రోజుల ఓపిక లేనివాళ్లకి అదీ బాగానే ఉంటుంది.

ఇనప మూకుట్లో నానబెట్టడం గురించి అందరూ అడుగుతారు. అందులో నిజం ఉంది. పెడన కలంకారీ వాళ్లు బట్టని కరక్కాయ నీళ్లలో ముంచి, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే నల్లగా పడుతుంది. కాయలోని వగరుకీ ఇనుముకీ కుదిరే నలుపు అది. ఉసిరికాయ పొడి మూకుట్లో నానబెడితే అదే జరుగుతుంది. కాకపోతే బట్ట మీద పడ్డంత నలుపు తల మీద పడదు. గోరింటాకు ఎరుపు కాస్త దిగి మట్టిరంగులోకి వస్తుంది, అంతవరకే. చెక్క పొడులూ టీ డికాషనూ కలిపి నలుపు కోసం ఎదురుచూసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

దీనికీ కష్టాలున్నాయి. జుట్టు ఎండుతుంది, నూనె పెట్టుకోవాలి. తడి ముద్ద గంటలు మోస్తే చలవచేసి తుమ్ములొచ్చేవాళ్లున్నారు. బాత్‌రూం పలకల మీద నీలం మరకలు నెల రోజులు ఉంటాయి. పొడి ఎగిరి ముక్కులోకి పోతే ఆయాసం ఉన్నవాళ్లకి ఇబ్బంది, కాబట్టి ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని కలపండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న ఇళ్లలో పసిపిల్లలకి గోరింటాకు అస్సలు వద్దు, రక్తకణాలు విరుగుతాయి. అరుదుగా గోరింటాకూ నీలాకూ కూడా పడనివాళ్లుంటారు. అందుకే మొదటిసారి మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత పెట్టి రెండు రోజులు చూసుకోండి. ఆకుల్లో రంగు కల్తీ చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి కొత్త ప్యాకెట్ విప్పినప్పుడల్లా నేను ఈ పని చేస్తాను. అయితే ఒకసారి కళ్లు వాచిపోయినవాళ్లు మామూలు డైని ఇలా చేతి మీద పెట్టి "ఇప్పుడు తగ్గిందేమో" అని చూడటం మాత్రం పిచ్చి పని.

మీసం ఉన్నవాళ్లకి

మగవాళ్లకి తలకంటే మీసం, గడ్డం దగ్గర త్వరగా తెలుస్తుంది, చర్మం పల్చన, రంగు నేరుగా చర్మం మీదే పడుతుంది. సెలూన్‌లో మీ ప్యాకెట్ మీరు తీసుకెళ్లినా గిన్నె, బ్రష్షు వాళ్లవే అయితే లాభం లేదు, ముందు వ్యక్తికి కలిపిన డై అంచులకి అంటుకునే ఉంటుంది. గిన్నెతో సహా పట్టుకెళ్లండి, నవ్వితే నవ్వనివ్వండి. గడ్డానికి నీలాకు పద్ధతి కుదురుతుంది కానీ మొహానికి ముద్ద పూసుకుని రెండు గంటలు కూర్చోవాలి. నన్నడిగితే గడ్డం వరకు నెరుపే అందం. కనుబొమలకి మాత్రం ఎవరూ ఏ డబ్బా డై పెట్టకండి. మన దేశంలో 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నియమాలు తలరంగు డబ్బా మీద ఒక హెచ్చరిక అడిగాయి: కనుబొమలకి, రెప్పవెంట్రుకలకి వాడితే చూపు పోవచ్చని. ఇంగ్లిషులోనూ స్థానిక భాషలోనూ వేయాలన్నాయి. అదే నియమాల్లో, ప్రతిసారీ వాడేముందు చెవి వెనకో ముంజేతి లోపలివైపో కొంచెం రాసి 24 గంటలు చూడాలన్న సూచన కూడా ఉండేది. ప్రతిసారీ! మనలో ఎవరం ఒక్కసారైనా చేశాం? పైగా అలర్జీ రెండో రోజుకీ మూడో రోజుకీ రావచ్చు కాబట్టి 24 సరిపోవు, 48 అనుకోండి.

ఎవరికి ఏది

ఇంకా ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఇష్టమైన డై వేసుకోండి, కాకపోతే నెలకి రెండుసార్లు కాకుండా ఆరు వారాలకోసారి, తలంతా కాకుండా మొదళ్లకి, చేతికి తొడుగులతో. నల్ల హెన్నా, నురగ సాచెట్ల కంటే బ్రష్షుతో రాసేదే నయం. మంట మాత్రమే వచ్చేవాళ్లు అమోనియా లేనిదానికి మారి చూడండి. దురద, వాపు ఒక్కసారి వచ్చినా సరే, పరీక్ష అయ్యేదాకా అన్నీ ఆపేసి స్టిక్కుతో నెట్టుకురండి. పీపీడీ అని తేలితే ఓపికున్నవాళ్లకి గోరింటాకు, నీలాకు. రోజూ ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి రెండూ కలిపి పెట్టే గోధుమరంగు. ఏదీ వద్దనుకుంటే వదిలేయడమే. వదిలేసేటప్పుడు సగం తెలుపు, సగం నలుపు చాలా నెలలు భరించాలి. "ఒంట్లో బాగుండటం లేదా అమ్మా" అని పలకరింపులు వస్తాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఆ కాలం బాగా తగ్గుతుంది. మా మేనత్త అలాగే చేసింది. ఇప్పుడు ఆవిడ నెరిసిన ముడి, మెడలో ముత్యాల దండ చూస్తే నాకే అసూయ.

పీపీడీ పడదని తేలినవాళ్లు పళ్ల డాక్టరుకీ ఆ మాట చెప్పాలి. చిగుళ్లకి రాసే మత్తుమందుల్లో బెంజోకెయిన్ దీనికి బంధువే. ముదురు రంగు సింథటిక్ బట్టల్లోని కొన్ని అద్దకాలు, నల్ల రబ్బరు కూడా కొందరికి పడవు. నాకు ఒక నల్ల లెగ్గింగు అలా దూరమైంది.

పట్టీ పరీక్ష ఎప్పుడు

చర్మం డాక్టరు వీపు మీద చిన్న చిన్న గుంటల్లో రకరకాల పదార్థాలు పెట్టిన పట్టీలు అంటిస్తారు. రెండు రోజులకి తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. రెండో చూపు తప్పించుకోవద్దు, ఆలస్యంగా ఎర్రబడేవి అప్పుడే పట్టుబడతాయి. సూది గుచ్చి వెంటనే చూసే పరీక్ష వేరు, దానితో ఇది తేలదు. గుంటూరు జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది, సూర్యారావుపేట, కొత్తపేటల్లో ప్రైవేటు డాక్టర్లున్నారు. పట్టీ పరీక్ష అందరూ చేయరు కాబట్టి ముందు ఫోన్ చేసి అడగండి. వాపు పూర్తిగా తగ్గాలి, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ఫలితం సరిగా రాదు, ఆ సంగతి చెప్పి ఎన్నాళ్లు ఆగాలో వాళ్లనే అడగండి. వెళ్లేటప్పుడు వాడుతున్న డై పెట్టె, షాంపూ, నూనె, బొట్టు స్టిక్కర్లు, జుంకాలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి.

ఆ నాలుగైదు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. నేను ఏప్రిల్ చివర్లో వెళ్లాను. మొదటి రాత్రి కరెంటు పోయింది, తెల్లారేసరికి సగం పట్టీలు ఊడి చీరకి అంటుకున్నాయి. మళ్లీ నవంబర్లో, కార్తీకమాసంలో వెళితే పని జరిగింది. తెల్లవారుజాము స్నానాలు ఆ వారం మానుకుని, మెడ కిందికి తడిగుడ్డతో సరిపెట్టుకున్నాను. మాఘంలో ఇంట్లో పెళ్లి ఉంటే పరీక్ష కార్తీకంలో అవ్వాలి, గోరింటాకు, నీలాకు పుష్యంలో ఒకసారి వేసి రంగు ఎలా పడుతుందో చూసుకోవాలి. ముహూర్తానికి రెండు రోజుల ముందు మాత్రం తలకి కొత్తది ఏదీ పెట్టకండి.